నాన్న కారు రిపేరు డైరీ: ఏది కంపెనీది, ఏది బయటిది

రోజు 1

నాన్న కారు పదహారేళ్ల పాత పెట్రోల్ సెడాన్. మీటరు మీద 1,48,000 కిలోమీటర్లు. ఇంజను ఇప్పటికీ మెత్తగా నడుస్తుంది, బాడీకి తుప్పు లేదు, నాన్నకు ఆ కారంటే ప్రాణం. కానీ కొన్ని నెలలుగా ముందు చక్రాల దగ్గర రకరకాల చప్పుళ్లు. ఈసారి పని నేనే మొదలుపెట్టాను. ఏ పార్టు వేశాను, దాన్నే ఎందుకు వేశాను, ఏది తేడా కొట్టింది అన్నీ ఇందులో రాసుకుంటాను.

ఇవాళ ఏదీ విప్పలేదు. జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడంతోనే సరిపోయింది. గంటకు 60 కిలోమీటర్లు దాటితే ఎడమ ముందు వైపు నుంచి ఒక మూలుగు వస్తోంది. కుడికి మలుపు తిరిగితే పెరుగుతోంది, ఎడమకు తిరిగితే తగ్గుతోంది. కుడికి తిరిగినప్పుడు బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి అనుమానం ఎడమ వీల్ బేరింగ్ మీదకే పోయింది. కారు జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, ఒక చేత్తో కాయిల్ స్ప్రింగును పట్టుకుని ఇంకో చేత్తో చక్రం తిప్పాను. స్ప్రింగులోంచి అరచేతికి సన్నటి గరగర తగిలింది. కుడివైపు అదే పని చేస్తే ఏమీ తెలియలేదు. బేరింగ్ పోయిందని తేల్చుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

మిగతావి: గుంతల్లో దిగినప్పుడు టక్కుమనే చప్పుడు. చక్రాన్ని బండి చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్‌లో, అది కదిలే చోట ఉండే బుష్ రబ్బరు చీలిపోయి కళ్లకే కనబడుతోంది, ఆర్మ్‌ను చక్రం వైపు పట్టి ఉంచే బాల్ జాయింట్ కూడా వదులైంది. బ్రేకు తొక్కితే పెడల్ కాలికింద వణుకుతోంది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ సగానికి కిందే ఉంటోంది, స్కానర్ పెడితే పీ0128 కోడ్ వచ్చింది, అంటే ఇంజను చేరాల్సిన వేడికి చేరడం లేదని. ఇంజను వాల్వులను సమయానికి తెరిచి మూయించే టైమింగ్ బెల్ట్ చివరిసారి ఎప్పుడు మార్చారో చెప్పే బిల్లు ఏడేళ్ల కిందటిది.

రోజు 2

నాన్న మాట ఒక్కటే: "అన్నీ కంపెనీవే వెయ్యి నాన్నా. మళ్లీ మళ్లీ విప్పే పని ఉండదు."

బేరింగుల్లాంటివి ప్రెస్ యంత్రంతో నొక్కి తీసి, దించి పెట్టే మెకానిక్ అన్నను అడిగితే ఇంకోలా చెప్పాడు. "కంపెనీ డబ్బాలో ఉన్నది కూడా ఎవరో ఒకరు చేసిందే తమ్ముడూ. ఆ చేసినవాళ్లెవరో కనుక్కో ముందు."

ఇద్దరి మాటా నిజమే. కార్ల కంపెనీలు తమ కార్లలోని పార్టుల్లో చాలా వాటిని తాము తయారు చేయవు. బేరింగులు ఎస్‌కేఎఫ్, ఎన్‌ఎస్‌కే, ఎన్‌టీఎన్ లాంటి వాళ్ల దగ్గర నుంచి వస్తాయి. స్పార్క్ ప్లగ్గులు ఎన్‌జీకే, డెన్సో, బాష్. బెల్టులు గేట్స్, డేకో, కాంటిటెక్. అదే ఫ్యాక్టరీలో తయారైన పార్టు కారు కంపెనీ డబ్బాలోకి వెళ్తే జెన్యూన్ అంటాం. తయారుచేసినవాళ్ల సొంత డబ్బాలో వస్తే దాన్ని ఓఈఎమ్ అంటున్నారు. మూడో గుంపు ఆ కారుకు ఎప్పుడూ సరఫరా చేయనివాళ్లు, పాత పార్టును కొలిచి చూసి చేసేవాళ్లు. ఈ మూడో గుంపులో దశాబ్దాలుగా అదే పనిలో ఉండి చక్కగా చేసేవాళ్లూ ఉన్నారు, ఆకారం తప్ప ఇంకేమీ పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. ఇక నకిలీ పార్టు వేరే సంగతి. అది ఇంకొకరి పేరు, ఇంకొకరి డబ్బా దొంగిలించి వచ్చేది. బయటి పార్టునీ నకిలీ పార్టునీ ఒకే మాటతో "డూప్లికేట్" అనేయడం వల్ల మంచి బయటి పార్టులకు అన్యాయం జరుగుతోంది.

మధ్యాహ్నమంతా నంబర్లతోనే గడిచింది. కారు ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు రావు, 1తోనూ 0తోనూ పొరపాటు పడకుండా. ఆ నంబరు పెట్టి కేటలాగులో వెతికితేనే మన కారుకు పడే అసలు పార్టు నంబరు దొరుకుతుంది. మోడల్ పేరు, సంవత్సరం ఇస్తే చాలదు. ఒకే సంవత్సరంలో రెండు సైజుల బ్రేకులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న హబ్ (చక్రం బిగించే మధ్య భాగం), లేని హబ్ వచ్చిన కార్లు చాలా ఉన్నాయి. ఇంకో విషయం కూడా గమనించాను. మా లోయర్ ఆర్మ్ పాత నంబరు ఇప్పుడు లేదు, చివరి అక్షరం మారి కొత్త నంబరు వచ్చింది. అంటే కంపెనీ ఆ పార్టును ఎక్కడో సవరించింది. బయటివాళ్లు కాపీ కొట్టింది సవరించక ముందుదా, తర్వాతదా అన్నది ఆర్డర్ పెట్టేముందు అడగాల్సిన ప్రశ్న.

అదే ఛాసిస్ నంబరుతో రీకాల్స్ (లోపమున్న కార్లను సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం) ఏమైనా మిగిలి ఉన్నాయేమో కూడా చూశాను. ఏమీ లేవు. ఇది మాత్రం అందరూ చేయాలి. తకాటా ఎయిర్‌బ్యాగులు గుర్తున్నాయా? వాటిని ఒక్కసారిగా ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, ఎయిర్‌బ్యాగు విచ్చుకునేటప్పుడు ఇన్‌ఫ్లేటరే పేలి లోహపు ముక్కలు మనుషుల మీదకు దూసుకొచ్చాయి. ప్రాణాలు పోయాయి. కోట్ల వాహనాలను వెనక్కి పిలిచారు, 2017లో ఆ సంస్థ దివాలా తీసింది. అవన్నీ పేరున్న కంపెనీలు ఫ్యాక్టరీలోనే బిగించిన అసలైన పార్టులు. కంపెనీ ముద్ర ఉంటే తప్పే జరగదని ఎవరైనా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

అలాగని ఎయిర్‌బ్యాగు బయట కొనమని కాదు. నకిలీ ఎయిర్‌బ్యాగుల గురించి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ 2012లోనే హెచ్చరించింది. ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు విషయంలో నా దగ్గర ఆలోచన లేదు, చర్చ లేదు. కంపెనీది, కొత్తది, అంతే.

రోజు 3

పార్టుల జాబితా రాశాను. ఒక్కో పార్టు పక్కన మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఇది దారిలో పోతే మనిషికి ఏమవుతుంది? మళ్లీ దీని దగ్గరికి చెయ్యి చేరాలంటే ఎంత విప్పాలి? బిగించకముందే ఇది మంచిదో కాదో నా చేతుల్తో కొలిచి చూడగలనా? మూడో ప్రశ్నకు "చూడగలను" అని జవాబు వస్తే బయటి పార్టుకు ధైర్యంగా వెళ్లొచ్చు. మొదటి రెండు ప్రశ్నలూ భయపెడుతూ మూడోదానికి జవాబు లేకపోతే కంపెనీదో, దాన్ని చేసినవాళ్లదో.

ఎయిర్ ఫిల్టర్, ఏసీ క్యాబిన్ ఫిల్టర్, వైపర్లు: పేరున్న బయటివి. ఎక్కువ ఆలోచించలేదు.

స్టెబిలైజర్ లింకులు (మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా చూసే కడ్డీని చక్రం వైపు కలిపే చిన్న కడ్డీలు): ఇక్కడ కంపెనీ దానికంటే బయటిదే నచ్చింది. కంపెనీ లింకులో గ్రీజు నింపే దారి లేదు, నేను తీసుకున్నదానికి గ్రీజు నిపుల్ ఉంది, బాల్ కూడా కాస్త లావు. పోయినా ఒక చప్పుడు వస్తుంది, రెండు నట్లు విప్పితే ఊడొస్తుంది.

సెన్సర్ల జోలికి ఈసారి వెళ్లలేదు కానీ ఒక పాత అనుభవం రాయాలి. రెండేళ్ల కిందట ఇంజనులోకి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ బయటిది వేశాను. బండి స్టార్టయింది, నడిచింది, లైటు కూడా రాలేదు. కానీ స్కానర్లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత సవరిస్తోందో చెప్పే అంకె, ప్లస్ 18 శాతానికి పోయింది. సెన్సర్ గాలిని తక్కువ చేసి చెబుతోంది, ఆక్సిజన్ సెన్సర్ మాట విని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోసి సరిచేసుకుంటోంది. పాత సెన్సర్నే క్లీనర్ స్ప్రేతో కడిగి తిరిగి వేస్తే ట్రిమ్ 3 శాతానికి దిగింది. చూడటానికి రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. లోపలి సన్నటి తీగ ఎంత గాలికి ఎంత సిగ్నల్ ఇవ్వాలో, ఆ లెక్కే అసలు పార్టు. ఆ లెక్క కంటికి కనబడదు.

రోజు 7

ఆర్డర్ పెట్టినవి వచ్చాయి. లోయర్ ఆర్మ్‌లు రెండూ సరఫరాదారు సొంత డబ్బాలో తెప్పించాను. పాత ఆర్మ్ విప్పి, కడిగి, కొత్తదాని పక్కన నేల మీద పెట్టి చాలాసేపు చూశాను. పోత అచ్చు ఒకటే. పక్క గీతలు ఒకటే. పాతదాని మీద కారు కంపెనీ గుర్తు పోతపోసి ఉన్నచోట కొత్తదాని మీద చిన్న చదునైన మచ్చ ఉంది. వేలితో తడిమితే గ్రైండర్ పట్టిన గరుకు తెలుస్తోంది. గుర్తును చెరిపేసి తమ డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. మచ్చకు రెండు అంగుళాల దూరంలో తయారీదారు గుర్తు, తేదీ ముద్ర అలాగే ఉన్నాయి. అది చూసాక మనసు కుదుటపడింది. రెండింటినీ తూకం వేశాను, తేడా కొద్ది గ్రాములే, అది కూడా పాతదాంట్లో అరిగిన రబ్బరుది అయ్యుంటుంది.

బుష్ లోపల రబ్బరుకు కావాలనే రెండు ఖాళీలు వదులుతారు. ఆ ఖాళీలు ఏ దిక్కున ఉండాలన్నది కూడా డిజైనే. బ్రేకు వేసినప్పుడు చక్రం కొద్దిగా వెనక్కి జరగడానికి, పక్కకు మాత్రం కదలకుండా ఉండటానికి. చవకరకం ఆర్మ్‌లలో ఈ ఖాళీలు దిక్కు తప్పి ఉండటం, అసలు లేకపోవడం చూశాను. రబ్బరు ఉంది కదా అని బిగిస్తే స్టీరింగ్ తీరే మారిపోతుంది.

ఆర్మ్ బోల్టులు చివరిగా బిగించింది మాత్రం చక్రాలు నేల మీద ఆని, కారు బరువంతా వాటి మీద పడ్డాకే. కారు గాల్లో ఉండగా బిగిస్తే బుష్ ఆ కిందికి వేలాడే స్థితిలో పట్టుబడిపోతుంది. నేలకు దించగానే రబ్బరు మెలితిరిగి, రోజంతా అలాగే ఉండి, కొన్ని నెలల్లో చిరుగుతుంది. "బయటి ఆర్మ్ ఆరు నెలలు కూడా రాలేదు" అనే ఫిర్యాదుల్లో ఇలాంటివి ఎన్నో ఉంటాయని నా నమ్మకం. బిగించిన చేతి తప్పుకు పార్టు మాట పడుతుంది.

రోజు 8

ఇవాళ్టి పని బాధ పెట్టింది.

వీల్ బేరింగ్ దగ్గర నేను నా మూడు ప్రశ్నలూ పక్కన పెట్టేశాను. కంపెనీ బేరింగ్ రావడానికి పది రోజులు పడుతుందన్నారు. పేరు తెలియని ఒక బ్రాండుది వెంటనే దొరికింది, ధర సగం కంటే తక్కువ. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు వర్నియర్‌తో కొలిచాను, మూడూ సరిపోయాయి. చేతిలో తిప్పితే మెత్తగా తిరిగింది. తీసుకున్నాను.

అన్న దగ్గర ప్రెస్ మీద పాతది తీయడానికే గంట పట్టింది. హబ్ బయటికి వచ్చేటప్పుడు పాత బేరింగ్ లోపలి రేసు, అంటే బాల్స్ దొర్లే లోపలి ఉక్కు వలయం, హబ్‌నే పట్టుకుని ఉండిపోయింది. దాన్ని గ్రైండర్‌తో హబ్‌కు గీత పడకుండా సన్నగా కోసి, ఉలితో ఒక్క దెబ్బ కొడితే చిట్లి ఊడింది. బేరింగ్ కూర్చునే నకిల్ శుభ్రం చేసి కొత్తది దించాం. ఈ పనిలో అన్న ఎంత జాగ్రత్తగా ఉంటాడో చూసి నేర్చుకోవాలి. నకిల్‌లోకి దించేటప్పుడు ఒత్తిడి బేరింగ్ బయటి రేసు మీదే పడాలి. తర్వాత హబ్‌ను దించేటప్పుడు లోపలి రేసుకు కింద ఆధారం ఉండాలి. తారుమారైతే ఒత్తిడంతా బాల్స్ మీదుగా పోయి రేసు మీద కంటికి కనబడని గుంటలు పడతాయి. కొత్త బేరింగ్ మొదటి రోజు నుంచే మూలుగుతుంది.

అన్నీ సరిగ్గా చేశాం. సర్‌క్లిప్ వేసి, కొత్త హబ్ నట్ టార్క్ రెంచ్‌తో బిగించి, రోడ్డు మీదకు వెళ్లాను. మూలుగు పూర్తిగా పోయింది. సందు చివర తిరిగేలోపే ఏబీఎస్ లైటు వెలిగింది.

స్కానర్ పెట్టి మెల్లగా నడిపాను. మూడు చక్రాలు 20 చూపిస్తున్నాయి, ఎడమ ముందుది సున్నా. వైరు తెగిందేమో, సెన్సర్ మీద చెత్త పడిందేమో అని ఇంకో గంట వెతికాను. చివరికి అన్న తన డ్రాయర్లోంచి ఒక చిన్న ఆకుపచ్చ కార్డు తీశాడు, అయస్కాంతం ఎక్కడుందో చూపించే ఫిల్మ్ అది. పాత బేరింగ్ తెచ్చి, దాని ఒక పక్క నల్లటి సీలు మీద ఆ కార్డు ఆనించాడు. పైన సన్నటి చారలు తేలాయి, సైకిల్ చక్రం పుల్లల్లా చుట్టూ ఒకే ఎడంలో. ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం. ఆ చారలు సెన్సర్ ముందు నుంచి దాటిపోతుంటే లెక్కపెట్టి కారు చక్రం వేగం తెలుసుకుంటుంది. అప్పుడు సెన్సర్ విప్పి, ఆ కంతలోంచి కొత్త బేరింగ్ కనబడినంత మేర కార్డు ముక్క ఆనించాం. ఏమీ తేలలేదు. రెండు పక్కలా మామూలు సీలే ఉంది. కొలతలు మూడూ కాపీ కొట్టినవాళ్లు ఆ అయస్కాంతపు వలయం సంగతే వదిలేశారు.

ప్రెస్ మీద ఒకసారి పీకిన బేరింగ్ మళ్లీ పనికిరాదు. హబ్ నట్ కూడా అంతే. కొన్న డబ్బు పోయింది, అన్న సగం రోజు పోయింది. అంతకంటే నన్ను కలవరపెట్టింది ఏమిటంటే, ఆ లైటు రాకపోయి ఉంటే నాన్న ఏబీఎస్ పనిచేయని కారును ఏబీఎస్ ఉందనే నమ్మకంతో నడిపేవారు.

కంపెనీ బేరింగ్ ఆర్డర్ పెట్టాను. పది రోజులు ఆగుతాను.

రోజు 11

ఈలోపు బ్రేకులు. కొత్తప్పుడు మా డిస్క్ మందం 22 మిల్లీమీటర్లు, కనీసం ఉండాల్సింది 20. ఆ కనీస కొలత డిస్క్ మీదే పోతపోసి ఉంటుంది, తుప్పు గీకితే కనబడుతుంది. చుట్టూ ఎనిమిది చోట్ల మైక్రోమీటరుతో కొలిస్తే 20.30 నుంచి 20.34 వరకు వచ్చింది. 0.04 మిల్లీమీటర్ల తేడా. పెడల్ వణకడానికి ఆ మాత్రం చాలు. అందరూ "డిస్క్ వంగింది" అంటారు కానీ చాలాసార్లు జరిగేది వంగడం కాదు, మందంలో హెచ్చుతగ్గులు రావడం.

డిస్కులు బ్రేకులే చేసే ఒక పేరున్న సంస్థవి తీసుకున్నాను, కంపెనీవి కాదు. ఇక్కడ నా మూడో ప్రశ్నకు మంచి జవాబుంది. మందం కొలవగలను, బిగించాక డయల్ గేజ్ పెట్టి ఊగిసలాట కూడా కొలవగలను. పైగా వీటికి అంచుల మీద, మధ్య భాగంలో తుప్పు పట్టకుండా పూత ఉంది, కంపెనీ డిస్కులకు అది లేదు. హబ్ ముఖాన్ని తుప్పు మొత్తం పోయేదాకా వైర్ బ్రష్‌తో రుద్దాను. ఆ తుప్పు పొర మిగిలితే ఎంత మంచి డిస్కైనా వంకరగానే కూర్చుంటుంది. గేజ్ మీద 0.03 వచ్చింది. చాలా కార్లకు 0.05 లోపు ఉంటే మంచిదే.

ప్యాడ్ల దగ్గర ఆగి ఆలోచించాను. డబ్బా మీద సిరామిక్ అని ఉందా, ఇంకేదో ఉందా అన్నది నాకు ముఖ్యం కాదు. నేను చూసింది రెండు గుర్తులు. ఒకటి వెనక ప్లేటు మీద ఆర్90 ఆమోదం: గుండ్రటి గీతలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, దాని పక్కన అంకె, తర్వాత 90ఆర్‌తో మొదలయ్యే నంబరు. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం పెట్టిన నియమం ఇది. ఆ ప్యాడ్ బ్రేకింగ్ ఆ కారు అసలు ప్యాడుతో పోలిస్తే 15 శాతం కంటే ఎక్కువ తేడా ఉండకూడదని పరీక్షించి ఇచ్చేది. తక్కువ పట్టినా తప్పే, మరీ ఎక్కువ పట్టినా తప్పే. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య బ్రేకు పంపకం చెడకూడదు కదా.

రెండోది ప్యాడ్ అంచు మీది కోడ్ చివర ఉండే రెండు అక్షరాలు. పట్టు ఎంతో చెబుతాయి. ‘ఈ’ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం తక్కువ వేడిలో, రెండోది బాగా వేడెక్కాక. పాత కంపెనీ ప్యాడ్ మీద ఎఫ్‌ఎఫ్ ఉంది, కొత్తవాటి మీదా అదే ఉంది. చవకగా చూపించిన ఇంకో సెట్ ఫొటోలో ఎఫ్‌ఈ అని కనబడింది, అంటే వేడెక్కేకొద్దీ పట్టు జారిపోతుంది. పొడవాటి దిగుడు రోడ్డులో సరిగ్గా కావాల్సిన సమయానికే బ్రేకు మెత్తబడుతుందన్నమాట. ఆ సెట్ వద్దనుకున్నాను. అక్షరాలు కలిసినంత మాత్రాన ప్యాడ్ మన్నుతుందని, చప్పుడు చేయదని అర్థం కాదు, అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

క్లిప్పులు, షిమ్ములు (ప్యాడ్ వెనక పెట్టే పల్చటి రేకులు) మాత్రం కంపెనీవి విడిగా తెప్పించాను. ప్యాడ్ల సెట్‌తో వచ్చిన క్లిప్పులు పల్చగా ఉన్నాయి, వేలితో నొక్కితే వంగి అలాగే ఉండిపోయాయి. కాలిపర్ పిన్నులకు సిలికాన్ గ్రీజు పెట్టాను. బేరింగ్ వచ్చాక రోడ్డు మీదకు వెళ్లి ప్యాడ్లు డిస్కుకు పట్టించాలి.

రోజు 13

టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్. మా ఇంజన్లో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి. ఇంజను తల (సిలిండర్ హెడ్) మొత్తం విప్పాల్సి వస్తుంది. పైగా బెల్టు దగ్గరికి చేరాలంటే ఇంజను మౌంటు, కవర్లు, పుల్లీ అన్నీ తీయాలి. మొదటి రెండు ప్రశ్నలూ గట్టిగా భయపెట్టాయి. అందుకే ఈ కారుకు మొదటి నుంచీ బెల్టు సరఫరా చేసినవాళ్ల పూర్తి కిట్ తీసుకున్నాను, బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారి చూపే ఐడ్లర్ చక్రం, పంపు అన్నీ కలిపి. బెల్టు ఒక్కటే మార్చి పాత టెన్షనర్ ఉంచేస్తే దాని బేరింగ్ ఎప్పుడు ఆగుతుందోనని రోజూ టెన్షనే.

ఇలాంటి కిట్లకే నకిలీల బెడద ఎక్కువ. అందుకని తయారీదారు వెబ్‌సైట్లో ఉన్న అధీకృత డీలర్ల జాబితా చూసి ఆర్డర్ పెట్టాను. వచ్చాక డబ్బా మీది కోడ్ ఫోనుతో స్కాన్ చేశాను, బెల్టు మీది తేదీ ముద్ర చూశాను, పాత బెల్టు పక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టాను. పాత బెల్టు వీపు మీద చెరిగిపోతున్న అక్షరాల్లో కారు కంపెనీ పేరు కింద ఇదే తయారీదారు పేరు ఉంది.

బిగించాక ఇంజన్ను పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాను. గుర్తులు మళ్లీ కలిశాయి. ఎక్కడా ఏదీ అడ్డుపడలేదు. ఆ రెండు చుట్లు తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

పంపు కిట్‌తో ఒక థర్మోస్టాట్ కూడా వచ్చింది, ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు అది. దాని మీద 82 అని ఉంది. మా కేటలాగులో ఉండాల్సింది 88. అసలు మన జబ్బే ఇంజను వేడెక్కకపోవడం, అందులోకి ఆరు డిగ్రీలు ముందే తెరుచుకునేది వేస్తే లాభం లేదు. కంపెనీది వేరుగా తెప్పించి, పాతది, 82ది, కొత్తది మూడూ కలిపి పరీక్ష పెట్టాను. వాల్వు కొద్దిగా తెరిచి ఒక దారం ఇరికించి, ఆ దారంతోనే గిన్నెలో నీళ్లలో వేలాడదీశాను, అడుగుకు తగలకుండా. నీళ్లలో థర్మామీటర్. లోపలి మైనం కరిగి వాల్వు తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ కింద పడుతుంది. పాతది అసలు దారాన్నే పట్టుకోలేదు, చల్లగా ఉన్నప్పుడే వాల్వు సందు తెరుచుకుని ఉంది. పీ0128కి కారణం దొరికింది. 82ది 80 దగ్గర పడిపోయింది. కంపెనీది 87 దగ్గర టక్కున పడింది. అదే వేశాను. 82ది చెడ్డదేమీ కాదు, దాని మీద రాసిన మాటకు కట్టుబడే ఉంది. మన కారుకు కావాల్సింది అది కాదంతే.

ఈ పని మధ్యలో బావ ఫోన్ చేశాడు. వాళ్ల కారు ఇంకా వారంటీలో ఉంది. బయటి ఫిల్టర్ వేస్తే వారంటీ పోతుందా అని అడిగాడు. అమెరికాలో 1975 నుంచీ ఒక చట్టం ఉంది, కంపెనీ ఉచితంగా ఇవ్వనంతవరకు తన బ్రాండు పార్టే వాడాలని వారంటీకి షరతు పెట్టకూడదని. ఐరోపాలో 2010 నాటి నియమాలు కూడా ఆ దారిలోనివే. కానీ బయటి పార్టు వల్లే చెడిందని తేలితే ఆ నష్టానికి కంపెనీ బాధ్యత ఉండదు. "మీ దగ్గరి నియమం, మీ వారంటీ పుస్తకం రెండూ చదువు బావా, ప్రతి బిల్లూ దాచుకో" అని చెప్పాను.

రోజు 18

కంపెనీ బేరింగ్ వచ్చింది. డబ్బా విప్పగానే అన్న ఆకుపచ్చ కార్డు ఆనించాను. చారలు తేలాయి. లోపలి రేసు మీద పేరున్న బేరింగ్ తయారీదారు ముద్ర ఉంది. అంటే ఇదే బేరింగ్‌ను వాళ్ల సొంత డబ్బాలో కూడా తీసుకోవచ్చు. కుడివైపుది ఎప్పుడైనా పోతే అలాగే తెప్పిస్తాను.

మళ్లీ ప్రెస్. చారలున్న పక్క సెన్సర్ వైపు ఉండేలా రెండుసార్లు చూసుకుని దించాం. తిరగేసి బిగిస్తే ఎంత అసలైన బేరింగైనా సెన్సర్‌కు ఏమీ కనబడదు. సాయంత్రం రోడ్డు మీద నాలుగు చక్రాలూ ఒకే వేగం చూపించాయి. ఏబీఎస్ లైటు రాలేదు. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 వరకు పదిసార్లు మెల్లగా బ్రేకు వేసి, ఎక్కడా పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ప్యాడ్లు పట్టించాను. పెడల్ వణుకు లేదు. టెంపరేచర్ ముల్లు సగం దగ్గరికి వచ్చి అక్కడే నిలబడింది.

మర్నాడు అలైన్‌మెంట్ చేయించి తాళం నాన్న చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు నడిపి వచ్చి, బండి ఆపి, ఇంజను ఆపకుండానే కాసేపు కూర్చున్నారు. "చప్పుడు లేదు నాన్నా" అన్నారు. ఏ పార్టు ఏ డబ్బాలోంచి వచ్చిందో ఆయన అడగలేదు. నేనే నోట్‌బుక్ ఇచ్చి అన్నీ చదివించాను. బేరింగ్ సంగతి దగ్గర ఆగి రెండుసార్లు చదివారు.

1,000 కిలోమీటర్ల తర్వాత

బిగించినప్పుడు ప్రతి బోల్టు తల మీదుగా పసుపు పెయింట్‌తో ఒక గీత గీశాను. ఇవాళ కారు కింద దూరి చూస్తే ఏ గీతా తప్పలేదు. బుష్‌ల రబ్బరు మీద చీలిక లేదు, బాల్ జాయింట్ బూట్ పొడిగా ఉంది. ఫ్యూయల్ ట్రిమ్ 2 శాతం. ప్యాడ్లు రెండు పక్కలా సమంగా అరుగుతున్నాయి. కూలెంట్ ట్యాంకులో మట్టం గీత మీదే ఉంది.

వెనక ఎడమ షాక్ అబ్జార్బర్ మీద మాత్రం సన్నటి నూనె చెమ్మ కనబడింది. తుడిచి, తేదీ రాసుకున్నాను. ఛాసిస్ నంబరు పెట్టి పార్టు నంబరు వెతికాను, దాని కింద దాన్ని తయారుచేసినవాళ్ల నంబరు కూడా దొరికింది. రెండూ నోట్‌బుక్‌లో ఉన్నాయి.